ఎర్ర చల్కలో స్పానిష్ లావెండర్

శ్రోతలకు నమస్కారం.

లావెండర్ అనగానే చాలామందికి మంచు కొండలు గుర్తుకొస్తాయి. జమ్మూ ప్రాంతంలోని భదర్వాలో రైతులు మొక్కజొన్న మాని లావెండర్ వేస్తున్నారని వార్తల్లో విని, "మన నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో అది బతికినట్టే" అని పెదవి విరుస్తారు. ఆ మాటలో సగం నిజముంది. నూనె కోసం అక్కడ పండించే రకానికి గట్టి చలి కావాలి. ఈ రోజు నేను చెప్పబోయేది దాని దాయాది, స్పానిష్ లావెండర్ గురించి. మధ్యధరా సముద్ర తీరాల్లో, రాతి గుట్టల మీద ఎండకు ఎండుతూ పెరిగే మొక్క ఇది. వేడిని, ఉక్కపోతను తన దాయాది కన్నా బాగా ఓర్చుకుంటుంది. కాబట్టి మన పెరట్లో ప్రయత్నించదగినది ఇదే.

నర్సరీలో లావెండర్ అని అడిగితే ఏదో ఒక రకం చేతిలో పెడతారు. డబ్బులిచ్చే ముందు ఆకు చూడండి. స్పానిష్ లావెండర్ ఆకు సన్నగా, బూడిద రంగు కలిసిన పచ్చగా, అంచు నున్నగా ఉంటుంది. అంచు పొడవునా నొక్కులుంటే అది మరో రకం. పూత మీదున్న మొక్కయితే పొరపాటు పడే అవకాశమే లేదు. పొట్టి ఊదా కంకి, దాని నెత్తిన కుందేలు చెవుల్లా నిక్కి నిలిచిన రేకులు కనిపిస్తాయి. చూపరులు ఆ రేకులనే పూలనుకుంటారు. అసలు పూలు కంకి చుట్టూ వరుసలుగా ఉండే ముదురు చుక్కలు. తేనెటీగ వాలేది వాటి మీదనే. ఆకు నలిపి చూస్తే ముందు కర్పూరం ఘాటు ముక్కుకు తగులుతుంది, పరిమళం ఆ తరువాతే.

ఇక మట్టి సంగతి. దక్షిణ తెలంగాణలో చాలా చోట్ల గ్రానైటు రాయి చివికి ఏర్పడిన ఎర్ర చల్క నేలలే ఉన్నాయి. సారం తక్కువ, నీరు నిలవదు. రైతు విసుక్కునే ఆ గుణమే ఈ మొక్కకు కావాలి. పైగా దీనికి సున్నం గిట్టదు. గ్రానైటు నుంచి వచ్చిన మట్టిలో ఆ బెడద తక్కువ. రెండు పాళ్లు చల్క మట్టి, రెండు పాళ్లు గరుకు ఇసుక లేదా ఇంటి పనుల్లో వాడే బేబీ చిప్స్ కంకర, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. ఎరువు అంతకు మించితే ఆకు ఏపుగా వస్తుంది కానీ పూత తగ్గుతుంది. తాండూరు బండల ముక్కలు మాత్రం కలపవద్దు, అది సున్నపురాయి. మీది నల్లరేగడి అయితే నేలలో నాటే ఆలోచన మానుకుని, 12 అంగుళాల మట్టి కుండీ తెచ్చుకోండి. కుండీ కింద పళ్లెం పెట్టవద్దు.

మన దగ్గర ఈ మొక్క ప్రాణం తీసేది మే నెల ఎండ కన్నా ఆగస్టు ముసురే. వేళ్ల దగ్గర తడి ఆరకపోతే కుళ్లు మొదలవుతుంది. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు కాబట్టి మట్టి తడిగా ఉన్నా కొమ్మలు వాలిపోతాయి. అది చూసి దాహమనుకుని మరో చెంబెడు నీళ్లు పోస్తారు. అంతటితో దాని పని అయిపోతుంది. వాలిన మొక్కను చూసినప్పుడు ముందు మట్టిలో వేలు రెండు కణుపుల లోతుకు గుచ్చండి. తడి తగిలితే చెంబు పక్కన పెట్టేయండి. పొడిగా ఉంటేనే నీళ్లు పోయండి, అదీ మొక్క మొదట్లోనే, ఆకుల మీద కాదు. వానాకాలమంతా కుండీని రెండు ఇటుకల మీద, సజ్జా కింద, గాలి ఆడే చోట ఉంచాలి.

ఎండాకాలంలో పొద్దుటి ఎండ చాలు, మధ్యాహ్నం నీడ కావాలి. డాబా మీద కాలిన స్లాబుకు కుండీని ఆనించి పెట్టకండి. మిగతా రోజుల్లో ఆరు గంటల ఎండ తప్పనిసరి.

నల్లగొండలో బోరు నీళ్లంటే ఫ్లోరైడ్ మాటే ముందొస్తుంది. ఈ మొక్క విషయంలో అంతకన్నా చూసుకోవలసింది ఆ నీటిలోని లవణాలను, క్షార గుణాన్ని. కుండీ అంచున తెల్లటి పొర పేరుకుంటోందంటే అదే కారణం. నల్లా నీళ్లు కానీ పట్టి ఉంచిన వాన నీళ్లు కానీ మేలు.

మార్కెట్లో చెప్పే గొప్పలు కొన్ని నమ్మవద్దు. కుండీలో మొక్క ఉన్నంత మాత్రాన దోమలు పారిపోవు. యునానీ వైద్యంలో ఉస్తుఖుద్దూస్ అనేది ఈ మొక్కే, శతాబ్దాలుగా వాడుతున్నారు. అయితే ఆ వాడకం హకీముకు వదిలేయండి. టీలో వేసుకోవడానికి ఇది పనికిరాదు, కర్పూరపు ఘాటు నోటికి పట్టదు. ఎండిన కంకులను గుడ్డ సంచిలో కట్టి చీరల మధ్య పెట్టుకుంటే మాత్రం బీరువా తెరిచినప్పుడల్లా హాయిగా ఉంటుంది. దోస, గుమ్మడి పాదులున్న ఇంట్లో దీనికి వచ్చే తేనెటీగలు ఆ పాదులకూ పనికొస్తాయి.

వానలు వెనకబట్టాక, అక్టోబరు చివర్లో మొక్క తెచ్చుకోవడం మంచిది. చలి రాత్రులు పూతకు సాయపడతాయి. పూలు వాడాక పైన మూడో వంతు కత్తిరించండి. పచ్చగా ఉన్న భాగం వరకే సుమా! ఆకు లేని ముదురు కర్రలోకి కోస్తే అక్కడ మళ్లీ చిగురు రావడం కష్టం. చామంతిని ఏటా కొత్తగా నాటుకుంటాం కదా, దీన్నీ ఒక కాలపు మొక్కగా అనుకున్నా నష్టం లేదు. కానీ కత్తిరించిన కొమ్మల్లో పువ్వు లేని నాలుగు అంగుళాల చివుళ్లను పారేయకండి. కింది ఆకులు దూసి, తడి ఇసుకలో గుచ్చి నీడలో ఉంచండి. వేరు పట్టడానికి నెల పైనే పడుతుంది. వేరు పట్టాక చిన్న కుండీల్లోకి మార్చండి. ముసురు పట్టినప్పుడు పెద్ద కుండీని కదపలేకపోయినా, వీటిని ఒక చేత్తో వరండాలోకి తెచ్చుకోవచ్చు.

సెలవు. నమస్కారం.