కుట్టుగదికి ఇంట్లోంచి ఏం తెచ్చుకోవచ్చు, ఏం కొనాలి

అందరికీ నమస్కారం.

ఇంట్లో సామాన్లతో కుట్టుగది అమర్చుకోవడం అనగానే చాలామందికి డబ్బాలే గుర్తొస్తాయి. ఐస్ ట్రేలో బొత్తాలు, మాత్రల డబ్బా గళ్ళలో బాబిన్లు (మిషన్ కింది దారం చుట్టే చిన్న కండెలు), గాజు సీసాల్లో రంగురంగుల దారాలు. ఆ సంగతి ముందే తేల్చేద్దాం. మూత ఉన్న ఏ డబ్బా అయినా ఆ పని చేస్తుంది, దానికి ప్రసంగం అక్కర్లేదు. గాజు సీసాలు మాత్రం కిటికీ దగ్గర పెట్టకండి. ఎండ తగిలితే దారం రంగు వెలుస్తుంది, పోగు బలం కూడా తగ్గుతుంది.

నాకు ఆసక్తి ఉన్నది వేరే దాంట్లో. అమ్మకానికి వచ్చే ప్రతి కుట్టు పరికరం వెనకా ఒక చిన్న పని ఉంటుంది. బట్టని కదలకుండా ఆపడం, కుట్టుకి హద్దు చూపడం, వేడిని నిలిపి ఉంచడం, చేతుల్ని సరైన ఎత్తులో ఉంచడం, ఇలాంటివే. పరికరం పేరు పట్టుకుని వెతికితే ఇంట్లో ఏదీ దొరకదు. అది చేసే పని పట్టుకుని వెతికితే సగానికి సగం ఇంట్లోనే ఉంటాయి.

ముందు మన ఒంటి సంగతి చూద్దాం. భోజనాల బల్ల మామూలుగా 28 నుంచి 30 అంగుళాల ఎత్తు ఉంటుంది. దాని మీద మిషన్ పెడితే, బట్ట నడిచే చోటు ఇంకో మూడు అంగుళాలు పైకి పోతుంది. దాన్ని అందుకోవడానికి మనకి తెలియకుండానే భుజాలు ఎత్తుతాం. గంట గడిచేసరికి మెడ పట్టేస్తుంది. బల్లని కోయలేం కాబట్టి కుర్చీనే పెంచాలి. గట్టిగా ఉండే దిండు, లేదా నాలుగు మడతలు వేసిన పాత రగ్గు వేసుకుని, మోచేతులు మిషన్ ఎత్తుకి వచ్చేలా చూసుకోండి. అప్పుడు పాదం పెడల్‌కి అందదు. పెడల్ కింద ఒక పీట వేయండి. ఆ పీట మీద పెడల్ జారుతుంది, దాని కింద పాత మౌస్ ప్యాడ్ తిరగేసి పరవండి. చూశారా, ఒక ఎత్తు సరిచేస్తే ఇంకో రెండు సరిచేయాల్సి వచ్చింది. విసుగనిపించినా సరే, ఈ గదిలో అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇదేనని నా అభిప్రాయం. దీనికి డబ్బు ఖర్చు లేదు, మెడకి మాత్రం పెద్ద లాభం.

ఇంకో చిన్న చిట్కా. తలుపు కొట్టుకోకుండా కింద పెట్టే రబ్బరు స్టాపర్లు రెండు తీసుకుని మిషన్ వెనక భాగం కింద పెడితే, మిషన్ కొద్దిగా మన వైపు వాలుతుంది. సూది దగ్గర ఏం జరుగుతోందో వంగకుండానే కనిపిస్తుంది. మిషన్ జారకుండా గట్టిగా కూర్చుందో లేదో ఒకసారి ఊపి చూశాకే కుట్టండి.

కత్తిరించడానికి మాత్రం ఆ బల్ల పనికిరాదు, నడుము వంగిపోతుంది. నిలబడి కత్తిరించాలంటే వంటగట్టు ఎత్తు చాలామందికి సరిపోతుంది. తడి లేకుండా తుడుచుకుని అక్కడే కత్తిరించుకోండి. ఇస్త్రీ బల్లని ఎత్తు పెంచి దాని మీద కత్తిరించమని కొందరు చెబుతారు. అది ఊగుతుంది, పైన మెత్తగానూ ఉంటుంది. నేనైతే చెప్పను.

ఇక ముక్కలు అతికే బొంతల విషయం. ఇక్కడ అందరూ పాటించే కొలత ఒకటుంది, అంచు నుంచి పావు అంగుళం వదిలి కుట్టు వేయడం. చూడ్డానికి చిన్న కొలతే గానీ దీనికున్న లెక్క చెబుతాను వినండి. పావు అంగుళం కంటే అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వదిలారనుకోండి. అది రెండు ముక్కల్లోంచీ పోతుంది కాబట్టి ఒక్కో అతుకుకి ఎనిమిదో వంతు పోయినట్టు. వరసలో ఎనిమిది అతుకులుంటే మొత్తం ఒక అంగుళం మాయం! తర్వాత వరసలు ఒకదానితో ఒకటి కలవకపోతే బట్ట సాగిందనుకుంటాం. బట్టని ఎందుకు అంటారు పాపం.

దీనికి ప్రత్యేకంగా ప్రెషర్ ఫుట్, అంటే సూది దగ్గర బట్టని అదిమి పట్టే పాదం, అమ్ముతారు. కొనకపోయినా నడుస్తుంది. పావు అంగుళం గళ్ళున్న గ్రాఫ్ కాగితం తీసుకుని, అంచు నుంచి మొదటి గీత మీద సూది దిగేలా పెట్టి ప్రెషర్ ఫుట్ దించండి. కాగితం అంచు ఎక్కడ ఆగిందో అక్కడ మిషన్ మీద, అంటుకునే చీటీల కట్టలోంచి ఓ పది పన్నెండు చీటీలు కలిపి అతికించండి. గడువు తీరిన ప్లాస్టిక్ కార్డునైనా మాస్కింగ్ టేపుతో అంటించొచ్చు. బట్ట అంచు ఆ గట్టుకి తగులుతూ నడుస్తుంది. సూది కింద బట్టని నడిపే పళ్ళు, బాబిన్ మూత మాత్రం కప్పకండి. ముందు మూడు ముక్కలు అతికి, ఇస్త్రీ చేసి, కొలిచి చూడండి. మడత దగ్గర కాస్త బట్ట పోతుంది కాబట్టి హద్దుని ఓ దారం మందం లోపలికి జరపాల్సి రావచ్చు.

పెద్ద దారం కోన్ మిషన్ మీద పట్టదు. దాన్ని మిషన్ వెనక ఒక కప్పులో నిలబెట్టి, మిషన్ వెనక పైభాగాన టేపుతో ఒక పిన్నీసు అంటించి, ఆ పిన్నీసు కన్నంలోంచి దారం తీయండి. కోన్ నుంచి దారం నిటారుగా పైకి లేవాలి, అంతే.

ఇస్త్రీ దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే బొంత అందం సగం ఇక్కడే తేలుతుంది. అతుకుని విప్పి పరిచి నొక్కేటప్పుడు పక్కనున్న బట్ట మీద కూడా ఇస్త్రీపెట్టె ఆనితే, లోపలి అంచుల ముద్రలు పైకి కనిపిస్తాయి. అందుకే గుండ్రటి దాని మీద పెట్టి నొక్కాలి, అప్పుడు అతుకు ఒక్కటే పెట్టెకి తగులుతుంది. అప్పడాల కర్రకి నూలుగుడ్డ బిగించి చుడితే సరిగ్గా ఆ పనే చేస్తుంది. పొడుగు అతుకులకైతే లావుపాటి పత్రికని గట్టిగా చుట్టి, అచ్చు రంగు అంటకుండా పైన రెండు పొరలు గుడ్డ కుట్టుకోండి. మందమైన అతుకులు అణగాలంటే, ఆవిరి పట్టిన వెంటనే నున్నటి చెక్కముక్కతో కాసేపు అదిమి ఉంచాలి. చెక్క వేడినీ తడినీ పీల్చుకుంటుంది కాబట్టి మడత అలాగే నిలబడుతుంది. ఆ చెక్కకి పాలిష్ గానీ వార్నిష్ గానీ ఉండకూడదు, వేడికి కరిగి బట్టకి అంటుకుంటుంది. పాత ఉన్ని దుప్పటి నాలుగు మడతలు వేసి కింద పరుచుకుంటే వేడి నిలుస్తుంది, ముక్క జారదు. అది నిజంగా ఉన్నిదే అయ్యుండాలి, నైలాన్ కలిసిందైతే పెట్టెకి అతుక్కుపోతుంది.

పై బట్ట, మధ్యలో దూది పొర, కింద అస్తరు, ఈ మూడూ కదలకుండా పిన్నీసులు పెడతాం కదా. పిడికిలి ఎడంలో ఒకటి పెట్టుకుంటూ పోతే పెద్ద బొంతకి వందల్లో పడతాయి, వేళ్ళు మండిపోతాయి. టీ చెంచా అంచుతో పిన్ను మొనని పైకి ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో మూతని దాని మీదకి నొక్కండి. వేళ్ళకి హాయి. అంచు పట్టీ కుట్టేటప్పుడు గుండుసూదుల బదులు జుట్టుకి పెట్టే టిక్‌టాక్ క్లిప్పులు వాడండి. చేత్తో బొంతని తిప్పుతూ మిషన్ మీద కుట్టేటప్పుడు వేళ్ళు జారకుండా, పాత రబ్బరు గ్లవ్ వేళ్ళు కత్తిరించి తొడుక్కుంటే చాలు. మొత్తం గ్లవ్ వేసుకుంటే చెమట పడుతుంది.

ముక్కల అమరిక చూసుకోవడానికి గోడ మీద నూగున్న దుప్పటి బిగించండి, నూలు ముక్కలు పిన్ను లేకుండానే అంటుకుంటాయి. దాన్ని ఫోన్లో నలుపు తెలుపు ఫొటో తీసి చూడండి. రంగుల హడావిడి పోయి, ఏ ముక్క ముదురు, ఏది లేత అన్నది అప్పుడు తెలుస్తుంది.

అస్తరుకి పాత దుప్పట్లు వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. వాడొచ్చు. వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూసి, పలచబడిన చోటు వదిలేయండి. కొత్త బట్ట పక్కన అదే ముందు చిరుగుతుంది. బాగా దట్టమైన నేత ఉన్న దుప్పటైతే మిషన్‌కి పరవాలేదు గానీ, చేత్తో కుట్టేవాళ్ళకి సూది దిగక చుక్కలు కనిపిస్తాయి.

ఇప్పుడు కొనాల్సినవి. బ్లేడు, సూది, నూనె, ఈ మూడింటి దగ్గర పొదుపు వద్దు. రోటరీ కట్టర్‌ని, అంటే గుండ్రటి బ్లేడు దొర్లుతూ బట్ట కోసే పరికరాన్ని, ఓల్ఫా అనే జపాన్ కంపెనీ 1979లో తెచ్చింది. అంతకుముందు అట్టముక్కలు, కత్తెరలతోనే బొంతలు కుట్టారు, ఇప్పుడూ కుట్టొచ్చు. కట్టర్ లేదని పిజ్జా కోసే చక్రం పట్టుకుంటే మాత్రం బట్ట నలుగుతుందే తప్ప తెగదు. కట్టర్ కొన్నవాళ్ళు దాని కింద కూరగాయల చెక్క పెట్టొద్దు, బ్లేడు మొద్దుబారుతుంది. అల్యూమినియం రేకు కత్తిరిస్తే కత్తెరకి పదును వస్తుందంటారు. అంచు మీది గరుకు కాస్త పోతుందేమో గానీ అది సానపట్టడం కాదు.

సూది సుమారు ఎనిమిది గంటల కుట్టుకి ఒకసారి మార్చమంటారు. మామూలు నూలుబట్టకి 80/12 నంబరు సూది సరిపోతుంది, ఆ 80 అంటే 0.8 మిల్లీమీటర్ల మందం. పాత సూదులు ఖాళీ మాత్రల సీసాలో వేసి, సూదులని పైన రాసి, మూత బిగించండి. మిషన్‌కి వంటనూనె, కొబ్బరినూనె వద్దే వద్దు. గాలి తగిలి జిగురులా మారి లోపల పేరుకుపోతుంది, మిషన్ బిగుసుకుపోతుంది. నూగు తీయడానికి పాత టూత్‌బ్రష్ బాగుంటుంది. నోటితో ఊదకండి, నూగు ఇంకా లోపలికి పోతుంది, తడి కూడా చేరుతుంది.

చివరగా ఒక మాట, ముఖ్యంగా ఇంట్లో పిల్లలున్నవాళ్ళకి. కుట్టుగదికి వచ్చిన చెంచా, కర్ర, ఐస్ ట్రే మళ్ళీ వంటగదికి వెళ్ళకూడదు. విరిగిన సూదిమొన గానీ, మిషన్ నూనె గానీ, సుద్ద గానీ వాటికి అంటి ఉండొచ్చు. పిడికి ఎర్రదారం కట్టండి, లేదా నెయిల్ పాలిష్‌తో ఒక గీత పెట్టండి. గుర్తు పెట్టడానికి చోటు లేని సామానైతే వంటగదిలోంచి అసలు తీసుకురాకండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.