రెండో లైను కోసం వదిలే గోడ

(అనంతపురంలో సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, అధ్యాపకులకు, కుర్చీలు చాలక వెనక నిలబడి వింటున్న విద్యార్థులకు నమస్కారం.

నేను పుట్టి పెరిగింది గుంతకల్లులో. మా నాయన అక్కడి స్టేషన్‌లో పోర్టరు. మీరు పుట్టకముందు మాట ఇది. 1990ల దాకా గుంతకల్లులో రెండు రకాల పట్టాలుండేవి. మద్రాసు-బొంబాయి లైను బ్రాడ్‌గేజ్, అంటే పట్టాల మధ్య 1,676 మిల్లీమీటర్లు. హుబ్లీ వైపు, నంద్యాల వైపు పోయేవి మీటర్‌గేజ్, 1,000 మిల్లీమీటర్లు. ఆ బండి ఈ పట్టాల మీదికి రాదు. కాబట్టి మనుషులు దిగాలి, మూటలు దించాలి, వంతెనెక్కి దిగి ఇంకో బండి అందుకోవాలి. మా ఇంటికి కూడు పెట్టింది ఆ వంతెన మెట్లే. రాత్రి ఇంటికొచ్చి నాయన తువ్వాలు తీస్తే ఎడమ భుజం ఎర్రగా కమిలి ఉండేది. అమ్మ ఆముదం వెచ్చబెట్టి రాసేది.

రెండు లైన్లు కలిసేచోట మనిషి ఎంత నడుస్తాడో, ఎంత మోస్తాడో నాకు చిన్నప్పుడే తెలిసింది. తర్వాత మెట్రో స్టేషన్ల డిజైన్ పనిలో పడ్డాను. ఇన్నేళ్ల పనిలో నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది. భూగర్భ రైలు మ్యాపు గీసేటప్పుడు లైన్ల కంటే ముందు అవి కలిసే చోట్లు తేల్చుకోవాలి.

మన ఊళ్లో మెట్రో లేదు కదా, మనకెందుకు ఈ గొడవ అనుకోవద్దు. అనంతపురంలో బస్సెక్కితే బెంగళూరు మెజెస్టిక్‌లో దిగుతాం. కర్నూలు బస్సు హైదరాబాద్ ఎంజీబీఎస్‌లో దించుతుంది. రెండూ మెట్రో లైన్లు కలిసే స్టేషన్లే. ఆ నగరాల్లో మొదటిసారి అడుగుపెట్టి, బోర్డులు చదువుకుంటూ తడబడేది మన ఊళ్ల వాళ్లే.

మెజెస్టిక్ సంగతి చూడండి. పర్పుల్ లైను భూగర్భ భాగం 2016లో మొదలైంది, గ్రీన్ లైను 2017లో వచ్చింది. ఏడాది తేడాతో వచ్చినా రెండింటినీ మొదటి దశలోనే కలిపి ప్లాన్ చేశారు. అందుకే ఒక ప్లాట్‌ఫారం పైన, ఇంకోటి కింద, ఒకదానికొకటి అడ్డంగా ఒకే కప్పు కింద ఉన్నాయి. ఎస్కలేటర్ ఎక్కితే లైను మారినట్టే. రద్దీ వేళ అక్కడ ఊపిరాడదు, అది వేరే చర్చ. కానీ రోడ్డు మీదికి రానక్కర్లేదు.

రెండో లైను పదేళ్ల తర్వాత వచ్చేదైతే ఏం చేయాలి? ఇక్కడే నా గోడ వస్తుంది. భూగర్భ స్టేషన్ కట్టేటప్పుడు చుట్టూ లోతుగా కాంక్రీటు గోడ దించుతారు. రేపు సొరంగం తవ్వే మెషీన్ వచ్చి గుద్దే చోట గోడలో ఇనుప కడ్డీలు వేయరు, గ్లాస్‌ఫైబర్ కడ్డీలు వేస్తారు. ఇనుమైతే మెషీన్ పళ్లకు చుట్టుకుని పని ఆగిపోతుంది. గ్లాస్‌ఫైబర్‌ను కాంక్రీటుతో పాటే అరగదీసుకుని లోపలికి వచ్చేస్తుంది. నడక దారి కోసమైతే, తర్వాత పగలగొట్టడానికి వీలుగా గోడలో ఒక పలక వదులుతారు. బయటి నుంచి చూస్తే మామూలు గోడే. టైల్స్ కూడా అతికించేస్తారు. దాని వెనక ఇంకా పుట్టని లైను ఉంటుంది. నాకు స్టేషన్‌లో అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే.

వదలకపోతే ఏమవుతుంది? కొత్త లైను పాత స్టేషన్‌కు ఇంకా కింద నుంచి దూరాలి. ఢిల్లీ హౌజ్ ఖాస్‌లో ఎల్లో లైను 2010లో వచ్చింది. 2018లో మెజెంటా లైను వచ్చేసరికి ప్లాట్‌ఫారం సుమారు 29 మీటర్ల లోతుకు దిగాల్సి వచ్చింది. రోజూ రైళ్లు తిరిగే స్టేషన్ పక్కన తవ్వడమంటే కాపురమున్న ఇంటికి పునాది మార్చడమే. కోల్‌కతా బౌబజార్‌లో 2019లో సొరంగం మెషీన్ నీటి పొరను తాకింది. పైన ఇళ్లు బీటలువారి జనం ఇళ్లు వదిలి పోవాల్సి వచ్చింది. నేల లోపలి సంగతి మీకు నేను చెప్పాలా? ఈ చేలో రాయి, ఆ గట్టు పక్కన మట్టి, ఇంకో చోట 300 అడుగులకు కూడా దుమ్మే. బోరు వేయించిన ప్రతి రైతుకూ తెలుసు. బెంగళూరు కింద ఉన్నదీ ఇలాంటి రాయే. మెషీన్ ముఖం సగం రాతి మీద, సగం మట్టి మీద ఉన్నప్పుడే దానికి నరకం. అలాంటి నేలను ఒకేచోట రెండుసార్లు తవ్వే పరిస్థితి తెచ్చుకోకూడదు.

లండన్ వాళ్లు ఈ పని బాగా చేసిన సందర్భమూ ఉంది, దెబ్బతిన్న సందర్భమూ ఉంది. 1968లో విక్టోరియా లైను తెరిచినప్పుడు ఫిన్స్‌బరీ పార్క్‌లో పాత సొరంగాలనే సర్ది, ఒకే దిక్కుకు పోయే రెండు లైన్ల రైళ్లు ఒకే ప్లాట్‌ఫారానికి అటూ ఇటూ ఆగేలా చేశారు. దిగి పది అడుగులు వేస్తే చాలు. అదే నగరంలో 1979లో జూబ్లీ లైనును చేరింగ్ క్రాస్ దాకా కట్టారు, అక్కడి నుంచి ముందుకు పొడిగిద్దామని. తర్వాత ఆలోచన మారింది. పొడిగింపు వేరే దారి పట్టింది. 1999లో ఆ ప్లాట్‌ఫారాలు ప్రయాణికులకు మూతపడ్డాయి. అందుకే భవిష్యత్తు కోసం మొత్తం కట్టేయమని నేను అనను. గోడ వదలండి, పైన స్థలం వదలండి, ఆ కింద వేరేవాళ్ల పునాదులు రాకుండా కాపాడండి. ఖర్చు తక్కువ, దారి మారినా పెద్దగా నష్టం లేదు.

ఇంత సులువైన పని ఎందుకు జరగదు? డబ్బు లెక్క వల్ల. గోడ ఖర్చు మొదటి లైను ఎస్టిమేట్‌లో పడుతుంది, లాభం రెండో లైనుకు వెళ్తుంది. రెండో లైనుకు ఇంకా మంజూరే ఉండదు. ఖర్చు తగ్గించమని పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు మొదట కొట్టేసేది దాన్నే. ఈ కొట్టివేత నా కళ్లముందు జరిగింది, గట్టిగా మాట్లాడలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

చిన్న ఖాళీ కూడా ఎంత ఇబ్బందో 2023లో బెంగళూరు చూసింది. మార్చిలో వైట్‌ఫీల్డ్ నుంచి కేఆర్ పురం దాకా రైలు వచ్చింది. బయ్యప్పనహళ్లికి మధ్య సుమారు రెండు కిలోమీటర్లు మిగిలిపోయింది. అక్టోబరులో ఆ ముక్క పూర్తయ్యేదాకా జనం రైలు దిగి, బస్సెక్కి, మళ్లీ రైలెక్కారు. ప్లానింగ్ లెక్కల్లో రైల్లో కూర్చున్న నిమిషం కంటే నడిచే నిమిషాన్ని, ఎదురుచూసే నిమిషాన్ని దాదాపు రెండింతల బరువుగా తీసుకోవడం ఊరికే కాదు.

ఆ బరువు నాకు అర్థమైంది మా అమ్మ వల్ల. ఆమెను ఒక మహానగరంలో మా చెల్లెలింటికి తీసుకుపోతున్నాను. లైను మారాలంటే స్టేషన్ బయటికొచ్చి, రోడ్డు దాటి, మళ్లీ మెట్లెక్కాలి. అమ్మకు మోకాళ్ల నొప్పులు. చేతిలో శెనక్కాయల సంచి, ఎంత అడిగినా నాకివ్వదు. సగం మెట్ల దగ్గర సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. "రైలు దిగినాం గదా నాయనా, మళ్లా రైలెక్కేకి ఇంత నడవాల్నా?" అంది. ఇలాంటి స్టేషన్లు గీసే పనిలోనే నేనున్నానని ఆమెకు తెలుసు. నా దగ్గర జవాబు లేదు. సంచి తీసుకుని ఎడమ భుజాన వేసుకున్నాను.

సరే, ఇక ముందున్న బల్లల మీద బెంగళూరు మ్యాపులు పరిచి ఉన్నాయి. నడుస్తున్న లైన్లు నల్లగా, కడుతున్నవి చుక్కలుగా గీశాం. బల్లకు ఐదుగురు చొప్పున రండి. కొత్త లైను ఏదీ గీయొద్దు. ముందు మెజెస్టిక్ చుట్టూ, వదలాల్సిన గోడలు ఎక్కడెక్కడో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి.