కండరాల అలసటకి వెలుగు వైద్యం: ఇందులో అయస్కాంతం పాత్ర ఎంత?

(చీకటి గది. ఫోన్ టార్చ్ మీద చూపుడు వేలు.)

లైట్లు ఆపేసి టార్చ్ మీద ఇలా వేలు ఆనించండి. వేలంతా ఎర్రగా మెరుస్తోంది కదా? టార్చ్‌ది తెల్లటి వెలుగే, కానీ అందులోని నీలాన్నీ ఆకుపచ్చనీ రక్తం దారిలోనే పీల్చేసుకుంటుంది, ఎరుపు మాత్రం ఇవతలికి వచ్చేస్తుంది. ఎరుపుని ఆనుకుని ఉండే, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ అయితే ఇంకాస్త లోతుకి, కండరం దాకా దిగుతుంది. అలసిన కండరం మీద ఇలాంటి ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వేసే ఈ థెరపీకి ఆధారం అదే.

1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రే మెస్టర్ అనే డాక్టర్ గొరిగిన ఎలుకల చర్మం మీద లేజర్ వేస్తే, అక్కడ వెంట్రుకలు త్వరగా మొలిచాయి. కథ అక్కడ మొదలైంది.

మరి కండరంలో ఏం జరుగుతుంది? కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. కణం ఖర్చుపెట్టుకునే ఇంధనం, అంటే ఏటీపీ, తయారయ్యే దారిలో ఆక్సిజన్‌ని వాడుకునేది ఇదే. అలసిన కణంలో నైట్రిక్ ఆక్సైడ్ వచ్చి ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట కూర్చుంటుందనీ, ఈ వెలుగు తగిలితే అది లేచిపోయి ఏటీపీ తయారీ మళ్ళీ పుంజుకుంటుందనీ చాలామంది శాస్త్రవేత్తలు చెప్పే వివరణ.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. ఒళ్ళు నొప్పులు మొదలయ్యాక లైటు పెట్టుకుంటారు, కానీ పరిశోధనల్లో మంచి ఫలితాలు ఎక్కువగా కనిపించింది వ్యాయామానికి ముందు, అంటే 5 నిమిషాల నుంచి 6 గంటల ముందు పెట్టినప్పుడు. డోసు కూడా ముఖ్యం. ముంజేయి లాంటి చిన్న కండరాలకి 20 నుంచి 60 జౌల్స్ (శక్తిని కొలిచే ప్రమాణం), తొడ లాంటి పెద్దవాటికి 60 నుంచి 300. లెక్క తేలికే: అర వాట్ లైటుని 60 సెకన్లు పెడితే 30 జౌల్స్. మరీ తక్కువైతే పని చేయదు, మరీ ఎక్కువైనా ఫలితం తగ్గిపోతుంది, కాబట్టి ఇంకో పావుగంట ఉంచితే మంచిదేగా అనుకోవద్దు. పరికరం చర్మానికి ఆనాలి, దూరంగా పెడితే చాలా వెలుగు పక్కకి పోతుంది. అన్ని పరీక్షల్లోనూ లాభం కనిపించలేదన్నది కూడా నిజమే.

ఇక అయస్కాంతం. కొన్ని పరికరాల్లో లేజర్, ఎల్‌ఈడీలతో పాటు 35 మిల్లీటెస్లాల (అంటే 0.035 టెస్లా) బలమున్న అయస్కాంతం కూడా ఉంటుంది. "అది రక్తంలో ఇనుముని లాగి రక్తప్రసరణ పెంచుతుంది" అని చెప్తే నమ్మకండి. హీమోగ్లోబిన్‌లో ఉన్న ఇనుము మేకులాగా అయస్కాంతానికి అతుక్కునే రకం కాదు. నిజంగా అలా లాగేదైతే 1.5 టెస్లాల ఎమ్మారై మెషీన్‌లోకి, అంటే దీనికి 40 రెట్లకి పైగా బలమున్న అయస్కాంతంలోకి వెళ్ళిన మనిషి పరిస్థితి ఏంటి? వెలుగు, అయస్కాంతం రెండూ కలిపితే మేలన్న పరిశోధనలు ఉన్నాయి గానీ, అయస్కాంతం ఒక్కటే కండరాల అలసట తగ్గిస్తుందనడానికి ఆధారం చాలా బలహీనం. నేనైతే వెలుగు భాగాన్నే సీరియస్‌గా తీసుకుంటాను.

లేజర్ కంట్లో పడనివ్వద్దు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు అయస్కాంతం ఉన్న పరికరం జోలికి వెళ్ళకండి. ఎండ పడనివ్వని మందులు వాడుతుంటే ముందు డాక్టర్‌ని అడగండి. ఇంకోటి, దయచేసి గుర్తుపెట్టుకోండి: బాగా కష్టపడి వ్యాయామం చేశాక కండరం వాచి, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే అది మామూలు అలసట కాదు, కిడ్నీల దాకా వెళ్ళే ప్రమాదం, లైటు పక్కన పెట్టేసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.