వైద్యుని మాటకు రోగి ఒప్పుకోనప్పుడు: స్టాఫ్ నర్సు ఇంటర్వ్యూలో ఏమి చెప్పాలి?

నమస్కారం. కర్నూలు, ఆదోని, నంద్యాల ఆసుపత్రులలో స్టాఫ్ నర్సు ఉద్యోగాలకు ఇంటర్వ్యూకు వెళ్లబోతున్న జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ అభ్యర్థుల కోసం ఈ వీడియో. తెరపై ఉన్న ప్రశ్నను ఒకసారి చదవండి: "డాక్టరుగారు రాసిన చికిత్స తనకు వద్దని రోగి అంటే మీరేమి చేస్తారు?" పరిచయం, చదువు, అనుభవం చెప్పుకోవడం మీకు తెలిసిందే కనుక నేరుగా ఇందులోకి వెళుతున్నాను.

చాలామంది "నచ్చజెప్పి ఒప్పిస్తాను" అని వెంటనే చెప్పేస్తారు. ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఎక్కువమంది తడబడేది ఇక్కడే. రోగి ఎందుకు వద్దంటున్నాడో తెలుసుకోకుండా ఏ విషయంలో నచ్చజెబుతారు? కాబట్టి మీ జవాబులో మొదటి వాక్యం "ముందుగా కారణం అడుగుతాను" అనే ఉండాలి. మళ్లీ చెబుతున్నాను, ముందుగా కారణం అడగాలి.

ఇప్పుడు తెరపై ఉన్న ఉదాహరణ చూడండి. ఆదోని పక్క పల్లెకు చెందిన ఒక రైతుకు మాత్రలతో షుగరు అదుపులోకి రాకపోవడంతో డాక్టరుగారు ఇన్సులిన్ రాశారు, ఆయన వద్దంటున్నారు. నర్సు మంచం పక్కన కూర్చుని "పెద్దాయనా, ఈ ఇంజెక్షన్ ఎందుకు వద్దనుకుంటున్నారు?" అని అడిగితే, "మా ఇంట్లో ఫ్రిజ్జు లేదమ్మా, ఆ మందు యాడ పెట్టుకోవల్ల?" అన్నారు. వాడకం మొదలుపెట్టిన ఇన్సులిన్‌ను చాలా రకాలలో 30 డిగ్రీల లోపు వేడిలో సుమారు 4 వారాలు బయట ఉంచవచ్చు, కానీ మన వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కనుక ఆయన సందేహం న్యాయమైనదే. నీటితో తడిగా ఉంచే మట్టికుండలో, సీసాకు తడి తగలకుండా భద్రపరచుకునే పద్ధతి ఉంది. అయితే ఆ సలహా మీ అంతట మీరు ఇచ్చేయకుండా, కారణాన్ని డాక్టరుగారికి చేరవేసి, ఆయన చెప్పినదాన్ని రోగికి అర్థమయ్యే మాటల్లో వివరిస్తానని చెప్పండి.

డాక్టరుగారికి చెప్పే వరుస తెరపై ఉంది: ఇప్పటి పరిస్థితి, వెనుకటి వివరం, మీరు గమనించినది, మీరు కోరేది. దీన్నే ఎస్‌బార్ అంటారు, మీరు చదువుకున్నదే. నేనైతే ఈ వరుసను ఫోనులో వాయిస్ రికార్డరు పెట్టుకుని బయటికి పలుకుతూ సాధన చేయమంటాను. కాగితం మీద రాసుకోవడం కన్నా అది ఎంతో మేలు, ఎందుకంటే ఎక్కడ సాగదీస్తున్నారో మీ చెవికే తెలిసిపోతుంది.

తరువాత అనుబంధ ప్రశ్న వస్తుంది: "అంతా వివరించినా రోగి వద్దంటున్నాడు, డాక్టరుగారు మాత్రం వేసేయమన్నారు, అప్పుడో?" తెలివిలో ఉండి, విషయం అర్థం చేసుకోగల వయోజనుడు వద్దన్నాక బలవంతంగా సూది వేయకూడదు. చికిత్సకు రోగి సమ్మతి తప్పనిసరి అని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ప్రాణాపాయంలో, రోగి సమ్మతి చెప్పలేని స్థితిలో ఉన్నప్పుడు మాత్రం పరిస్థితి వేరు, ఆ తేడాను మీ జవాబులో తప్పక చెప్పండి. "నేను వేయను" అని డాక్టరుగారితో వాదనకు దిగుతానని చెప్పకుండా, రోగి నిరాకరణను మర్యాదగా తెలియజేసి, స్వయంగా ఒకసారి మాట్లాడమని కోరతానని, అవసరమైతే వార్డు ఇన్‌చార్జి సిస్టరుకు చెబుతానని అనండి. రోగి మరో వైద్యుని అభిప్రాయం అడిగితే దాన్ని కూడా డాక్టరుగారికి తెలియజేయాలి, అది అతని హక్కు.

ఇక నర్సెస్ నోట్స్. "రోగి సహకరించడం లేదు" అని రాస్తానని ఎట్టిపరిస్థితుల్లోనూ చెప్పవద్దు, అది మీ తీర్పు మాత్రమే. రోగి అన్న మాటలు, సమయం, ఏమి వివరించారు, ఎవరికి తెలియజేశారు, ఇవన్నీ ఉన్నదున్నట్లు రాయాలి. రోగి డాక్టరు సలహాకు విరుద్ధంగా ఇంటికి వెళ్లిపోతానంటే, సంతకం తీసుకోవడంతో పని ముగియదు; వెళితే కలిగే ప్రమాదాన్ని డాక్టరుగారు వివరించేలా చూసి, ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే తిరిగి రావాలో ఇంటివాళ్లకు కూడా చెప్పి పంపాలి.

ఇప్పుడు వీడియో ఆపి, రక్తం ఎక్కించుకోవడానికి ఒప్పుకోని బాలింత ఉదాహరణను తీసుకుని మీ జవాబును రికార్డు చేసి వినండి. మొదటి వాక్యంలో కారణం అడగడం లేకపోతే, మళ్లీ మొదటి నుంచి చెప్పండి.