గీత గొప్పదా, రంగు గొప్పదా?

శ్రోతలకు నమస్కారం.

శ్రీకాళహస్తిలో కలంకారీ పోటీ ఒకటి జరుగుతోందనుకోండి. పది గుడ్డలు, ముగ్గురు న్యాయనిర్ణేతలు. గుడ్డ పొడవు చెప్పమంటే టేపు పెట్టి చెప్పేస్తారు. కానీ పాలు, కరక్కాయ పట్టించిన ఆ గుడ్డ మీద వెదురు కలం ఎక్కడా వణక్కుండా సాగిందా? బెల్లం, ఇనుప ముక్కలు పులియబెట్టి తీసిన నలుపు చిక్కగా పట్టిందా? అశోకవనంలో సీతమ్మ ముఖంలో దిగులు కనబడుతోందా? వీటికి టేపు లేదు. పదికి మార్కులు వేయమంటే ఒకాయన ఆరు దాటడు, ఇంకొకాయన తొమ్మిది నుంచి దిగడు.

ఇలాంటి చోట సాయపడే కంప్యూటర్ ప్రోగ్రాములు చాలాకాలంగా ఉన్నాయి. వాటిలో బాగా వాడుకలో ఉన్న పద్ధతిని 1970లలో అమెరికాలో థామస్ సాటీ అనే గణితవేత్త రూపొందించాడు. అంతకుముందు ఆయన అక్కడి ఆయుధ నియంత్రణ సంస్థలో పనిచేశాడు. అక్కడ శాస్త్రవేత్తలు ఒకటి చెబితే లాయర్లు ఇంకొకటి చెప్పేవారట. ఆ చిక్కే ఆయన్ని ఈ పద్ధతి వైపు నడిపించింది.

ఆయన పద్ధతిలో మార్కులు అడగరు. రెండేసి అంశాలు ముందు పెట్టి, ఏది ఎక్కువ, ఎంత ఎక్కువ అని అడుగుతారు. రెండూ సమానమైతే 1, కొంచెం ఎక్కువైతే 3, బాగా ఎక్కువైతే 5, అలా 9 దాకా. ఆ జవాబుల నుంచే దేనికెంత బరువో ప్రోగ్రాము లెక్కగడుతుంది.

ఒక న్యాయనిర్ణేత రంగు కన్నా గీత 3 రెట్లు ముఖ్యమన్నారు. కథ కన్నా రంగు 2 రెట్లన్నారు. మరి గీతకూ కథకూ? "రెండూ సమానమే" అనేశారు. ముందు చెప్పిన మాటల ప్రకారం 6 రెట్లు కావాలి కదా! ప్రోగ్రాము ఇక్కడే పట్టుకుంటుంది. ఈ పొంతన లేనితనానికి అది వేసే అంకె సుమారు 0.32. సాటీ పెట్టిన హద్దు 0.10. అందుకే మళ్లీ ఆలోచించుకోమంటుంది. కచ్చితంగా 6 అనే చెప్పక్కర్లేదు, 4 అన్నా ఒప్పుకుంటుంది. మనిషి మాటలో ఆ మాత్రం అటూ ఇటూ ఉంటుందని దానికీ తెలుసు. నా దృష్టిలో ఈ యంత్రం చేసే అసలు మేలు ఇదే. అందం అంటే ఏమిటో దానికి తెలియదు గానీ, మన మాటను మనమే కొట్టేసుకుంటే మాత్రం ఊరుకోదు.

చిక్కులూ ఉన్నాయి. అంశాలు మూడైతే మూడు ప్రశ్నలే, పదైతే 45. సగంలోనే విసుగొచ్చి నోటికొచ్చిన అంకె చెప్పేస్తారు. పైగా కొత్తగా ఇంకో గుడ్డ పోటీలోకి వస్తే, పాతవాటి మధ్య వరస కూడా తారుమారు కావచ్చు. 1983లోనే ఇద్దరు పరిశోధకులు ఉదాహరణతో సహా చూపించారు.

అసలు అంకెలే వద్దనుకునేవాళ్లకు స్లొవేనియాలో తయారైన డెక్సీ అనే ప్రోగ్రాము ఉంది. అందులో అన్నీ మాటలే: నాసి, ఫర్వాలేదు, మేలు. మన నియమాలు మనమే రాసి పెట్టాలి. "గీత నాసి అయితే, రంగు ఎంత మేలైనా మొత్తం నాసి" అని రాశామంటే దానికి తిరుగులేదు. మార్కులు కూడే పద్ధతిలో మంచి రంగు వంకర గీతను కాపాడేస్తుంది, ఇక్కడ ఆ పప్పులుడకవు. చేయి తిరిగిన పనివాడు ఎలా చూస్తాడో దానికి ఇదే దగ్గర అనిపిస్తుంది నాకు.

ఏ ప్రోగ్రాము వాడినా, దేనికెంత బరువో గుడ్డలు పరచకముందే తేల్చుకుని రాసి పెట్టుకోవాలి. కాళహస్తిలో గీత చూస్తే గీసిన చేయి ఎవరిదో చెప్పేవాళ్లున్నారు. ముందు గుడ్డలు చూసి, మనవాడి గుడ్డలో రంగు బాగుంది కాబట్టి రంగుకే బరువెక్కువ అనుకుంటే, అంకెలన్నీ చక్కగా పొంతన కుదురుతాయి. 0.10 లోపే వస్తాయి. కంప్యూటర్ చప్పుడు చేయకుండా ఫలితం ఇచ్చేస్తుంది.