ఇండియా ప్రయాణం, ఊరందరి పార్సిళ్ళు: నొప్పించకుండా కాదనడం ఎలా?

నమస్కారమండీ! ఇండియాకి టికెట్ తీశారని తెలిస్తే చాలు, 'మా తమ్ముడికి ఒక్క ఫోన్', 'అత్తయ్యకి రెండు డబ్బాల విటమిన్లు' అని మెసేజ్‌లు మొదలవుతాయి. వాటికి జవాబెలా ఇవ్వాలన్నదే ఈ వీడియో.

ముందు లెక్క తేల్చుకోండి. అమెరికా నుంచి చాలా ఎకానమీ టికెట్లకి మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు. ఖాళీ పెట్టే నాలుగైదు కిలోలు తూగుతుంది కాబట్టి సామానుకి మిగిలేది 36 నుంచి 38 కిలోలే. మన సామాను సర్ది, తూకం వేసి, మిగిలింది రాసుకోండి. అది తెలీకపోతే ఎవరడిగినా నోరు పెగలదు.

జవాబు అడిగిన రోజే చెప్పేయాలి. 'చూద్దాంలే ఆంటీ' అన్నారంటే ఆవిడ సాయంత్రానికి మీ అడ్రస్‌కే ఆర్డర్ పెట్టేస్తారు. డబ్బా గుమ్మంలోకి వచ్చాక కాదనడం మరీ కష్టం. బరువు సాకూ చెప్పకండి, 'అరకిలోనే కదమ్మా' అంటారు. 'ఈసారి ఎవరి సామానూ తీసుకెళ్ళట్లేదు ఆంటీ, ఏమనుకోకండి' అని చెప్పి ఆగిపోండి. ఆ తర్వాతి నిశ్శబ్దం భరించలేకే చాలామంది ఒప్పేసుకుంటారు. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట, అంతే మెత్తగా. అలా చెప్పాక ఇంకొకరిది మాత్రం పట్టుకెళ్ళకండి, ఒకే అపార్ట్‌మెంట్లో ఇవి దాగవు.

కొన్నిటికి ఎంత దగ్గరివాళ్ళైనా ఒప్పుకోవద్దు. టేపు వేసిన పార్సిల్ తెరిచి చూడందే పెట్టెలో పెట్టకండి. లోపల ఏమున్నా దానికి బాధ్యత మీదే. ఈ-సిగరెట్లు ఇండియాలో 2019 నుంచి నిషేధం. పవర్ బ్యాంకు చెక్-ఇన్ పెట్టెలో వేయకూడదు, చేతిసంచిలోనే. తిరిగొచ్చేటప్పుడు మటన్ పచ్చడి, పచ్చి కరివేపాకు అమెరికా కస్టమ్స్‌వాళ్ళు తీసేసుకుంటారు; డిక్లేర్ చేయకపోతే జరిమానా కట్టాల్సిందీ మీరే, ఇచ్చి పంపినవాళ్ళు కాదు.

ఇక అమ్మ. పక్కింటి పిన్నిగారికి మనకంటే ముందే మాటిచ్చేస్తుంది. అందుకే టికెట్ సంగతి చెప్పేటప్పుడే 'ఎవరడిగినా నాతో మాట్లాడమను అమ్మా, నువ్వు సరే అనకు' అని చెప్పి ఉంచండి. అప్పటికే మాటిచ్చేసి ఉంటే, పార్సిల్ తెరిచి చూసి, ఆ ఒక్కటీ పట్టుకెళ్ళండి. పిన్నిగారి ముందు అమ్మ మాట పోనివ్వకండి.