లిబ్రేఆఫీస్ బేస్‌తో సొంత అడ్రస్ బుక్

నమస్తే అండీ. ఫోన్ నంబర్లు, అడ్రసులు, పుట్టినరోజులు అన్నీ ఒకేచోట ఉండేలా ఇవాళ ఒక అడ్రస్ బుక్ తయారు చేద్దాం. ఒకప్పటి ఆఫీస్ సాఫ్ట్‌వేర్ స్టార్‌ఆఫీస్ 5.2లో మెయిల్, క్యాలెండర్ కూడా ఉండేవి. 2000లో సన్ కంపెనీ ఆ కోడ్‌ను బయటపెట్టాక వచ్చిన ఓపెన్‌ఆఫీస్‌లో వాటిని తీసేశారు. అందులోంచి 2010లో విడివడిన లిబ్రేఆఫీస్‌లోనూ అవి లేవు. పోనీలెండి, అడ్రస్ బుక్‌కు కావలసిన సరంజామా అంతా లిబ్రేఆఫీస్‌లోని డేటాబేస్ ప్రోగ్రామ్ బేస్‌లో ఉంది.

బేస్ తెరిచి, కొత్త డేటాబేస్ అని ఎంచుకోండి. కింద హెచ్ఎస్‌క్యూఎల్‌డీబీ ఎంబెడెడ్ పెట్టండి, అంటే డేటాను మన ఫైల్‌లోనే దాచే ఇంజిన్. దీనికి కంప్యూటర్‌లో జావా ఉండాలి. నెక్స్ట్ కొట్టగానే డేటాబేస్‌ను రిజిస్టర్ చేయమంటారా అని అడుగుతుంది. చాలామంది దీన్ని చదవకుండానే దాటేస్తారు. యెస్ మీదే ఉంచండి, కిటుకంతా ఇక్కడే ఉంది. ఉత్తరాలు రాసే రైటర్, లెక్కల పట్టికలు వేసే కాల్క్, బేస్ మూడూ ఒకే ఫ్రేమ్‌వర్క్ మీద నడుస్తాయి కాబట్టి, ఒక్కసారి రిజిస్టర్ చేస్తే మన డేటా మూడింట్లోనూ కనిపిస్తుంది.

ఇప్పుడు టేబుల్. డిజైన్ వ్యూలో మొదటి ఫీల్డ్ ఐడీ, టైప్ ఇంటీజర్, కింద ఆటోవాల్యూ యెస్. దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రైమరీ కీ పెట్టండి, అంటే ఒక్కో వరుసను విడిగా గుర్తుపట్టే ఫీల్డ్. అది లేకపోతే బేస్ ఒక్క పేరు కూడా ఎక్కించనివ్వదు. తర్వాత పేరు, అడ్రస్, ఫోన్. ఫోన్ నంబరే కదా అని నంబర్ టైప్ ఇచ్చారనుకోండి, ఎస్‌టీడీ కోడ్ ముందున్న సున్నా ఎగిరిపోతుంది. ప్లస్ 91 అసలే పట్టదు. టెక్స్ట్ ఇవ్వండి. పుట్టినరోజుకు డేట్ టైప్.

ఈ నెలలో ఎవరెవరి పుట్టినరోజులు ఉన్నాయో తెలియాలంటే క్వెరీ, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్న, రాయాలి. ఎస్‌క్యూఎల్ వ్యూలో, స్క్రీన్ మీద ఉన్నట్టే టైప్ చేయండి. పుట్టినరోజులోని నెలను, ఇవాళ్టి తేదీలోని నెలను పోలుస్తున్నాం, అంతే. సంవత్సరం జోలికి పోవట్లేదు, అందుకే పుట్టింది ఏ ఏడాదైనా పేరు వస్తుంది. ఫీల్డ్ పేర్లకు డబుల్ కోట్స్ మాత్రం మరవకండి.

ఇక రైటర్‌కు వెళ్లి కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్4 కలిపి నొక్కండి. పైన మన టేబుల్ వచ్చింది చూశారా? పేరు అన్న కాలమ్ హెడ్డింగ్‌ను పట్టుకుని ఉత్తరంలోకి లాగితే చాలు. శుభలేఖల మీద అంటించడానికి అడ్రసులు కావాలంటే ఫైల్, న్యూ, లేబుల్స్‌లోకి వెళ్లండి. అక్కడా ఇదే డేటాబేస్ ఉంటుంది.

అలారం మాత్రం ఇది మోగించదు. గుర్తు చేసేది కావాలంటే థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లోని క్యాలెండర్ వాడుకోండి. ఇంకోటి, డేటా అంతా ఒకే ఓడీబీ ఫైల్‌లో ఉంటుంది కాబట్టి నాలుగు పేర్లు ఎక్కించగానే బేస్ మెయిన్ విండోలో సేవ్ కొట్టండి, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి.